వెచ్చని గుడ్డ ఎన్నాళ్లు వెచ్చగా ఉంటుంది?

మే నెలలో విజయవాడ రోడ్ల మీద తారు మెత్తబడే మిట్టమధ్యాహ్నం కూడా, ఆపరేషన్ బల్ల మీద మత్తులో ఉన్న మనిషి ఒళ్లు చల్లబడుతూనే ఉంటుంది. థియేటర్‌లోని ఏసీ చలి ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం మత్తుమందు. చలి తగిలితే చర్మం దగ్గరి రక్తనాళాలను బిగించి, వణుకు పుట్టించి లోపలి వేడిని కాపాడుకునే ఏర్పాటు మన శరీరంలో ఉంది. మత్తు ఆ కాపలాదారును కూడా నిద్రపుచ్చుతుంది. గుండె, కాలేయం చుట్టూ ఉన్న వేడి రక్తం చేతులకూ కాళ్లకూ పారి, మొదటి గంటలోనే లోపలి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ నుంచి డిగ్రీన్నర దాకా పడిపోతుంది. డిగ్రీకే ఏమవుతుందిలే అనుకోవడానికి వీల్లేదు. పెద్దపేగు ఆపరేషన్ చేయించుకున్న 200 మంది రోగుల మీద ఆండ్రియా కుర్జ్, డేనియల్ సెస్లర్, రైనర్ లెన్‌హార్ట్ జరిపిన అధ్యయనం 1996లో వెలువడింది. ఒళ్లు వెచ్చగా ఉంచినవారిలో నూటికి 6 మందికి కోసిన చోట ఇన్ఫెక్షన్ సోకితే, చల్లబడినవారిలో నూటికి 19 మందికి సోకింది. చల్లబడినవారు ఆస్పత్రిలో రెండున్నర రోజులు ఎక్కువగా ఉండాల్సి వచ్చింది.

శరీరానికి ఆనుకుని, కొద్దిపాటి కరెంటుతో మెత్తగా వేడినిచ్చే గుడ్డ మనలాంటి ఎండ ప్రాంతాలకూ అవసరమేనని చెప్పడానికే ఈ ఉదాహరణ. అలాంటి గుడ్డ ఉంది. మామూలు పాలిస్టర్ మీదో నైలాన్ మీదో నూలు మీదో విద్యుత్తును పారనిచ్చే పాలిమర్ పూత వేస్తే ఆ గుడ్డే హీటర్ అవుతుంది. దాని గురించి వచ్చే వార్తలన్నీ దాదాపు ఒకే తీరుగా ఉంటాయి: ఇన్ని వోల్టులు ఇస్తే ఇన్ని సెకన్లలో ఇన్ని డిగ్రీలకు వేడెక్కింది అని. నా అభ్యంతరం అక్కడే. మొదటి రోజు వేడెక్కడం ఈ గుడ్డకు ఎన్నడూ కష్టం కాలేదు. ముప్పై ఏళ్లకు పైగా దాన్ని ఇళ్ల గడప దాటి రానివ్వనిది మన్నిక. ప్రభుత్వాలు, ఆస్పత్రులు, సైన్యం దీని మీద డబ్బు పెట్టాలి, తప్పకుండా పెట్టాలి. ఆ డబ్బులో పెద్ద వాటా మన్నికను సాధించడానికీ, పరీక్షించడానికీ వెళ్లాలన్నది నా వాదన.

పాలిమర్ అంటే మనకు తెలిసింది కరెంటు తీగకు తొడిగే ప్లాస్టిక్ తొడుగు. షాక్ కొట్టకుండా కాపాడేదే అది. అలాంటి పదార్థం కరెంటును మోయగలదన్న సంగతి ఒక పొరపాటుతో మొదలైంది. 1967లో టోక్యోలో హిదెకి షిరకావా పనిచేస్తున్న ప్రయోగశాలలో పాలీఎసిటలీన్ తయారు చేస్తూ, వేయాల్సిన ఉత్ప్రేరకానికి వెయ్యి రెట్లు ఎక్కువ వేశారు. నల్లని పొడి రావాల్సిన చోట వెండిలా మెరిసే పొర తేలింది. తర్వాత షిరకావా అమెరికా వెళ్లి అలన్ మెక్‌డయార్మిడ్, అలన్ హీగర్‌లతో కలిసి ఆ పొరకు అయోడిన్ ఆవిరి పట్టించారు. విద్యుత్తును మోసే శక్తి కోటి రెట్లు పెరిగింది. 1977 నాటి ఆ పనికి ముగ్గురికీ 2000లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఈ కథను చెప్పేవారు సాధారణంగా ఇక్కడ ఆపేస్తారు. చెప్పకుండా వదిలేసేది ఏమిటంటే, నోబెల్ తెచ్చిపెట్టిన ఆ పాలీఎసిటలీన్ గాలి తగిలితే చెడిపోతుంది. ఆక్సిజన్ దాని గొలుసును తెంపేస్తుంది. అందుకే అది ఏ ఇంట్లోకీ, ఏ వస్తువులోకీ చేరలేదు. ఈ రంగం పుట్టుకలోనే మన్నిక సమస్య ఉందన్నమాట.

గుడ్డకు పనికొచ్చింది దాని దాయాది పాలీపిరోల్. అది కరెంటును మోస్తుందని ఆస్ట్రేలియాలో డొనాల్డ్ వైస్ బృందం 1963లోనే రాసింది కానీ అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. దాన్ని గుడ్డ మీదికి ఎక్కించిన ఘనత అమెరికాలోని దక్షిణ కరోలినాకు చెందిన మిల్లికెన్ అనే జౌళి కంపెనీది. అక్కడ హాన్స్ కూన్, ఆయన సహచరులు 1980ల చివర్లో కనిపెట్టిన పద్ధతి వింటే మన అద్దకం పనివారికి కొత్తగా అనిపించదు. నీళ్ల తొట్టిలో పిరోల్‌ను, ఫెర్రిక్ క్లోరైడ్ లాంటి ఆక్సీకరణిని కలిపి గుడ్డను ముంచుతారు. గొలుసు అణువులు పెరుగుతూ పెరుగుతూ ఒక్కో పోగు చుట్టూ మైక్రాన్ కంటే పలచని తొడుగులా పేరుకుంటాయి. మరగబెట్టాల్సిన పని లేదు, పెద్ద యంత్రాలు అక్కర్లేదు. గుడ్డ గుడ్డలాగే మెత్తగా ఉంటుంది, మడత పడుతుంది, గాలి ఆడుతుంది. రంగు మాత్రం నలుపో, ముదురు బూడిదో; వేరే రంగు కోరుకునే వీలు లేదు. ఆ గుడ్డను మొదట్లో స్థిర విద్యుత్తు పేరుకోకుండా ఉండేందుకు, రాడార్ తరంగాలను పీల్చుకునే మరుగు తెరలకు వాడారు. వేడి పుట్టించడం ఆ తర్వాత వచ్చిన ఆలోచన.

వేడి లెక్క స్కూలు పిల్లలకు తెలిసినదే. వోల్టేజీని వర్గం చేసి నిరోధంతో భాగిస్తే వచ్చేది వాట్లు. ముప్పై సెంటీమీటర్ల పొడవు, ముప్పై వెడల్పు ఉన్న చదరపు ముక్క నిరోధం 20 ఓమ్‌లు అనుకుందాం. రెండు ఎదురు అంచులకు 12 వోల్టులు ఇస్తే 7.2 వాట్ల వేడి పుడుతుంది. వీపుకు, పొట్టకు, చేతులకు, పాదాలకు కలిపి 25 వాట్లు సరిపెడితే, ఎనిమిది గంటలకు అయ్యే కరెంటు ఒక యూనిట్‌లో అయిదో వంతు. గదిలో పెట్టుకునే 2,000 వాట్ల హీటర్ ఒక్క గంటలో తాగే కరెంటుతో ఈ గుడ్డ 80 గంటలు నడుస్తుంది. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్కల ప్రకారం ప్రపంచం వాడే తుది ఇంధనంలో దాదాపు సగం వేడి కోసమే పోతోంది. అందులో ఫ్యాక్టరీల కొలుములు, వంట అన్నీ ఉన్నాయి. ఇళ్లను వెచ్చబెట్టడానికీ పెద్ద వాటాయే ఉంది. గోడలను, పైకప్పును, ఖాళీ మూలలను వెచ్చబెట్టి ఆ తర్వాత మనిషి దాకా రావడం కంటే నేరుగా మనిషినే వెచ్చబెట్టడం తెలివైన పని. హీటర్ ఎప్పుడూ పూర్తి బలంతో నడవదు, గదిలో నలుగురుంటే నలుగురికీ వెచ్చదనం పంచుతుంది అన్న మాట నిజమే. నలుగురికి నాలుగు గుడ్డలు వాడినా 100 వాట్లే అవుతుంది. ఆ తేడా చిన్న మినహాయింపులతో కొట్టుకుపోయేది కాదు. అయితే పీల్చే గాలి చల్లగా ఉంటే ఊపిరితిత్తులకు చేటు. చలి ప్రాంతాల్లో ఇంటి లోపల కనీసం 18 డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది కూడా. కాబట్టి ఈ గుడ్డ గదిలోని హీటర్‌ను పూర్తిగా తొలగించలేదు. హీటర్‌ను అయిదారు డిగ్రీలు తగ్గించి పెట్టుకునే వీలు కల్పిస్తుంది. అది చాలు.

ఇంత తతంగం ఎందుకు, మంచి ఉన్ని స్వెటర్, రెండు రగ్గులు ఉంటే సరిపోదా అని అడిగేవారికి జవాబు చెప్పాలి. ఆరోగ్యంగా తిరిగే మనిషికి సరిపోతుంది. ఊరికే కూర్చున్నా మన శరీరం దాదాపు 100 వాట్ల వేడి పుట్టిస్తుంది. దాన్ని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచడమే రగ్గు పని. రగ్గు సొంతంగా వేడి పుట్టించదు. లోపల పుట్టే వేడే తక్కువైనప్పుడు ఎన్ని రగ్గులు కప్పినా లాభం తక్కువ. మత్తులో ఉన్న రోగి స్థితి అదే. కండ కరిగిపోయిన వృద్ధుల స్థితి అదే. చలి ముదిరాక వేళ్ల సంగతి మరీ విచిత్రం. గుండెను కాపాడుకోవడానికి శరీరం వేళ్లకు రక్తాన్ని తగ్గించేస్తుంది, అప్పుడు వేలి దగ్గర పట్టి ఉంచడానికి వేడే ఉండదు. చేతి తొడుగును దళసరి చేస్తూ పోతే వేడి నిలవడం సంగతి అలా ఉంచి, తుపాకీ ట్రిగ్గరో, వైద్య పరికరమో, టెంటు తాడు ముడో పట్టుకోవడం అసాధ్యమవుతుంది. మామూలు చలికి స్వెటరే రాజు అని ఒప్పుకుంటూనే చెబుతున్నాను: వేడిని దాచడం వేరు, వేడిని ఇవ్వడం వేరు, రెండో దాని అవసరం ఉన్నవారు తక్కువేమీ కాదు.

వేడిని ఒంటికి కట్టుకుని తిరగడం మన దేశానికి కొత్త కాదు. కశ్మీరీలు తరతరాలుగా ఫెరన్ అనే వదులైన పొడవాటి అంగీ లోపల కాంగ్‌డీని పట్టుకుని తిరుగుతారు. వెదురు లాంటి పుల్లలతో అల్లిన బుట్టలో మట్టి పాత్ర, అందులో నిప్పులు. చెక్క ఇళ్లలో గది మొత్తం వేడి చేసే స్తోమత లేని జనం, గుప్పెడు బొగ్గుతో చలికాలం గడిపిన తెలివి అది. మనిషిని వెచ్చబెట్టు, గదిని కాదు అన్న సూత్రానికి అంతకంటే పాత, అంతకంటే చవకైన నిదర్శనం దొరకదు. దాని మూల్యం కూడా అక్కడే రాసి ఉంది. ఏళ్ల తరబడి అదే చోట వేడి తగిలి పొట్ట కింది భాగం, తొడల లోపలి వైపు చర్మం వలలాగా నల్లబడుతుంది. కొందరిలో అది క్యాన్సర్‌కు దారి తీస్తుంది. కాంగ్‌డీ క్యాన్సర్ అన్న పేరు పందొమ్మిదో శతాబ్దం నుంచే వైద్య గ్రంథాల్లో ఉంది. అక్కడ బొగ్గు మసికీ, వేడికీ ఎంతెంత పాత్ర ఉందన్నది పక్కన పెట్టినా, వేడి ఒక్కటే చర్మంపై వల మచ్చలు తెస్తుందని విద్యుత్ దుప్పట్లు, ఒళ్లో పెట్టుకున్న ల్యాప్‌టాప్‌లు కూడా చూపించాయి.

కాబట్టి శరీరానికి ఆనుకునే వేడికి గీత గీయాలి. ఆ గీత ఎక్కడో తెలుసు. 1947లో అమెరికాలో మోరిట్జ్, హెన్రిక్స్ అనే ఇద్దరు పరిశోధకులు 44 డిగ్రీల వేడి దాదాపు ఆరు గంటలు తగిలితే చర్మం కాలుతుందనీ, అక్కడి నుంచి ఒక్కో డిగ్రీ పెరిగే కొద్దీ ఆ వ్యవధి ఇంచుమించు సగానికి పడిపోతుందనీ తేల్చారు. స్నానానికి పోసుకునే నీళ్లు ఇంతకంటే పెద్ద తేడాగా ఉండవు. రాత్రంతా ఆనుకుని ఉంటే మాత్రం బొబ్బ లేస్తుంది. ఆరోగ్యవంతుడైతే మంట తెలిసి పక్కకు జరుగుతాడు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ పోయిన మనిషికి తెలియదు. మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్లకు పైనే అని 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం చెప్పింది. పాదాలను వెచ్చబెట్టే మేజోళ్లను వాళ్లకు అమ్మే ముందు ఈ సంగతి గుర్తుండాలి. మత్తులో ఉన్నవారి విషయం మరీ సున్నితం. బరువు ఆనుకునే మడమలు, నడుము కింది ఎముక దగ్గర రక్తప్రసరణ తగ్గి, మామూలుగా ఓర్చుకోగల వేడికే చర్మం దెబ్బతింటుంది.

ఇక అసలు సమస్యకు వద్దాం. పాలీపిరోల్ గాలిలో పాలీఎసిటలీన్ అంత త్వరగా చెడిపోదు, కానీ చెడిపోతుంది. ఆక్సిజన్, తేమ మెల్లగా దాని గొలుసును కొరుకుతాయి. కరెంటు పారే దారి తెగుతుంది, నిరోధం పెరుగుతుంది. వేడి ఎక్కువైతే ఈ క్షయం వేగం పుంజుకుంటుంది. వేడి పుట్టించడమే పనిగా ఉన్న వస్తువుకు ఆ వేడే చేటు తెస్తుందన్నమాట. లెక్క మళ్లీ చూడండి. 20 ఓమ్‌ల ముక్క 40 ఓమ్‌లకు చేరితే అదే 12 వోల్టులకు 7.2 వాట్లు కాస్తా 3.6 వాట్లు అవుతాయి. 80 ఓమ్‌లకు చేరితే 1.8. గుడ్డ చిరగదు, తీగ తెగదు, చూడటానికి కొత్తదానిలాగే ఉంటుంది. వేడి మాత్రం నాలుగో వంతుకు దిగుతుంది. కళ్లకు కనబడని లోపం కావడమే దీనిలో ప్రమాదం. క్లోరైడ్‌కు బదులు ఆంత్రాక్వినోన్ సల్ఫోనేట్ లాంటి పెద్ద అణువులను పాలిమర్‌లో జొనిపితే అది చాలా ఎక్కువ కాలం నిలబడుతుందని రసాయన శాస్త్రవేత్తలు చూపించారు. పైన గాలి చొరని పొర వేస్తే ఇంకా మేలు. కానీ ఆ పొర దళసరి అయిన కొద్దీ గుడ్డకు ఉన్న గుణాలు, మెత్తదనం, గాలి ఆడటం, చెమట పీల్చడం పోతాయి. అప్పుడు గుడ్డను వాడి ప్రయోజనం ఏమిటన్న ప్రశ్న వస్తుంది.

ఉతుకు దానికి మరో పరీక్ష. బట్టల సబ్బు, సోడా క్షార గుణం గలవి. పాలిమర్‌కు వాహకశక్తినిచ్చే అయాన్లను క్షారం లాగేస్తుంది. పాలీఎనిలీన్ అనే మరో వాహక పాలిమర్ అయితే క్షారంలో దాదాపు పూర్తిగా ఆ గుణాన్ని కోల్పోతుంది. పరిశోధన వ్యాసాల్లో కనబడే ఉతుకు పరీక్షలు ఎక్కువగా యంత్రంలో, కొలిచిన డిటర్జెంటుతో, పది సార్లో ఇరవై సార్లో జరుగుతాయి. మన ఇళ్లలో బట్టను నానబెట్టి, సబ్బు రుద్ది, బ్రష్ కొట్టి, బండ మీద బాది, పిండి, నడి ఎండలో ఆరేస్తారు. మైక్రాన్ కంటే పలచని పూతకు ఇందులో ఒక్కొక్కటీ ఒక్కో శిక్ష. ఈ ఉతుకుకు తట్టుకుంటుందని చూపించే దాకా ఇంటి వాడకానికి ఈ గుడ్డను అమ్మడం కొనేవారికి అన్యాయం చేయడమే.

భద్రత సంగతీ చూడాలి. లోహపు తీగ వేడెక్కే కొద్దీ దాని నిరోధం పెరిగి తనను తాను కొంత అదుపు చేసుకుంటుంది. ఈ పాలిమర్లది అందుకు విరుద్ధ స్వభావం. వేడెక్కిన చోట నిరోధం తగ్గుతుంది, అక్కడికి ఇంకాస్త కరెంటు లాక్కుంటుంది. గుడ్డ మడత పడి పొర మీద పొర కూర్చుంటే అక్కడి వేడి బయటికి పోదు. అందుకే ఉష్ణోగ్రతను చూసే సెన్సర్ ఒక్కటి ఉంటే చాలదు, నాలుగైదు చోట్ల ఉండాలి. మరోవైపు ఈ గుడ్డకు ఒక గొప్ప సుగుణం ఉంది. తీగల దుప్పటిలో వంగిన చోట తీగ విరిగితే అక్కడ నిప్పురవ్వ పుట్టవచ్చు. గుడ్డ అంతటా పరుచుకున్న పూతలో ఒక చోట గీత పడినా కరెంటు చుట్టూ తిరిగి పోతుంది. పన్నెండు, ఇరవై నాలుగు వోల్టులతో నడుస్తుంది కాబట్టి షాక్ భయం లేదు. దుప్పట్లు, ప్యాడ్లు, దుస్తులు వంటి మెత్తని హీటర్లకు 60335-2-17 అనే అంతర్జాతీయ ప్రమాణం ఇప్పటికే ఉంది. కాలం గడిచే కొద్దీ నిరోధం ఎంత మారవచ్చన్న షరతును కొనుగోలుదారే పెట్టుకోవాలి.

ఇన్ని లోపాలుంటే కార్బన్ ఫైబర్‌నో, వెండి పూత నూలునో వాడవచ్చు కదా అంటే, బజారులో దొరికే వేడి జాకెట్లలో ఎక్కువగా ఉన్నవి కార్బన్ పట్టీలు, లోహపు తీగలే. అవి పనిచేస్తాయి. కాకపోతే వేడి గీతలు గీతలుగా తగులుతుంది, మధ్యలో చల్లగా ఉంటుంది. 2015లో స్టాన్‌ఫర్డ్‌లో యీ కుయ్ బృందం వెండి నానో తీగల పూతతో చేసిన గుడ్డ ఒంటి వేడిని తిరిగి ఒంటికే పంపుతూ, అవసరమైతే కరెంటుతో వేడినీ ఇచ్చింది. వెండి ధర మాత్రం ధరే. ఉతికిన నీటిలో వెండి కలిస్తే జలచరాలకు హాని. చర్మమంతటా సమంగా, తక్కువ వేడి కావలసిన చోట పాలిమర్ పూతకు దీటైనది లేదు. ఆ చోటు ఏదో ముందే తేల్చుకుంటే సగం గందరగోళం పోతుంది.

నా లెక్కలో మొదటి చోటు ఆపరేషన్ థియేటరే. అక్కడ గుడ్డను తుడవదగిన తొడుగులో మూసి కుట్టవచ్చు, కాబట్టి ఉతుకు బాధ లేదు. గోడలో ప్లగ్గు ఉంది, బ్యాటరీ బాధ లేదు. పక్కనే మత్తు వైద్యుడు ఉంటాడు, సెన్సర్లు ఉంటాయి. గాలి ఆడాల్సిన పనీ లేదు. ఇలాంటి పనే చేసే కార్బన్ పాలిమర్ పరుపు ఒకదాన్ని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2011లోనే పరిశీలించి, ఆస్పత్రులు వాడవచ్చనీ, ఖర్చు ఆదా అవుతుందనీ సిఫారసు చేసింది. ఇప్పుడు ఎక్కువగా వాడేది వేడి గాలి ఊదే యంత్రం. బాగా పనిచేస్తుంది, ఆ గాలి ఇన్ఫెక్షన్‌ను మోసుకొస్తుందన్న ఆరోపణకు స్థిరమైన ఆధారం కనబడలేదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2017లో చెప్పింది కాబట్టి దాన్ని భూతంగా చూపించనక్కర్లేదు. కానీ ఆ యంత్రానికి ప్రతి రోగికీ ఒక కొత్త పేపర్ దుప్పటి కావాలి. జిల్లా ఆస్పత్రిలో ఆ దుప్పటి స్టాకు అయిపోయిన రోజున యంత్రం మూలన పడుతుంది. మళ్లీ మళ్లీ తుడిచి వాడుకునే గుడ్డ హీటర్ విలువ అక్కడ తెలుస్తుంది. ఇక్కడ వాదనను అతి చేయకూడదు. 2022లో లాన్సెట్‌లో వెలువడిన ప్రొటెక్ట్ అనే పెద్ద పరీక్షలో, 5,000 మందికి పైగా రోగుల్లో, 37 డిగ్రీల దగ్గర ఉంచినవారికీ 35.5 దగ్గర ఉంచినవారికీ ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. రోగిని కుంపటిలా వేడి చేయనక్కర్లేదు, 35.5కు దిగువకు పడిపోనివ్వకపోతే చాలన్నమాట. ఈ ఫలితం తక్కువ వేడిని నిలకడగా ఇచ్చే గుడ్డకే అనుకూలం.

దీన్ని తేకూడని చోటు కూడా చెప్పాలి. నెల తక్కువ పిల్లలకు వేడి గుడ్డలు, వేడి సంచులు అన్న ఆలోచన వినసొంపుగా ఉంటుంది. భారత్‌తో పాటు ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియాల్లో జరిగి 2021లో వెలువడిన పరీక్షలో, పుట్టిన వెంటనే బిడ్డను తల్లి ఛాతీకి ఆనించి ఉంచితే మొదటి నెలలో మరణాలు నాలుగో వంతు తగ్గాయి. తల్లి ఒంటి వేడి తనంతట తాను సర్దుకుంటుంది, పాలు అందుతాయి, కరెంటు పోదు. ఆ చోటును ఏ గుడ్డా ఆక్రమించకూడదు. తల్లి లేని వేళ, తల్లి చేతగాని వేళ మాత్రమే దాని పని.

రెండో చోటు హిమాలయాలు. 1984 ఏప్రిల్ నుంచి మన సైనికులు సియాచిన్ మీద ఉన్నారు, అక్కడ చలికాలపు రాత్రులు మైనస్ 50 డిగ్రీల దాకా దిగుతాయి. గుడారాల్లో కిరోసిన్ బుఖారీలు మండుతాయి. వాటి మసి ఊపిరితిత్తుల్లోకి, కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోకి పోతుంది. ప్రతి లీటరునూ హెలికాప్టరో, మనిషి వీపో మోయాలి. సూర్యుడి వేడితో లోపల వెచ్చగా ఉండే గుడారాన్ని 2021లో లద్దాఖ్ ఇంజినీరు సోనమ్ వాంగ్‌చుక్ చేసి చూపించారు. వేళ్లకూ, పాదాలకూ వేడినిచ్చే తొడుగులు దానికి తోడు కావాలి. అయితే గడ్డకట్టే చలిలో లిథియం బ్యాటరీ శక్తి పడిపోతుంది, ఆ చలిలోనే ఛార్జ్ చేస్తే దెబ్బతింటుంది. బ్యాటరీ ఒంటి దగ్గరే దాచుకోవాలి. మామూలు చలి బట్టలు, బూట్ల కొనుగోలే ఏళ్ల తరబడి ఆలస్యమైందని కాగ్ 2020లో తప్పుబట్టింది. బూట్లే సరిగా అందని చోట విద్యుత్ తొడుగులా అని అడిగితే ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. బూట్లే ముందు. కానీ ఈ రోజు పరీక్ష మొదలుపెడితే నమ్మదగిన తొడుగు రావడానికి అయిదారేళ్లు పడుతుంది, బూట్ల కోసం ఆగితే రెండూ ఆలస్యమవుతాయి.

తెలుగు నేలకు ఈ పనితో నిజమైన బంధుత్వం ఉంది. సిరిసిల్ల సాంచెల మీద నేసేది ఎక్కువగా పాలిస్టరే, ఈ పూతకు బాగా ఒప్పుకునే గుడ్డల్లో అదొకటి. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డర్లు అక్కడి నేతన్నలకు అన్నం పెట్టాయి. ప్రభుత్వ ఆర్డర్ వస్తే పని, రాకపోతే పస్తు అన్న స్థితినీ తెచ్చాయి. మీటరుకు రూపాయల్లో కూలి పడే గుడ్డ నుంచి ఆస్పత్రి సరుకు వైపు వెళ్లే దారిలో ఇదొకటి కాగలదు. కేంద్ర ప్రభుత్వం 2020లో 1,480 కోట్ల రూపాయలతో జాతీయ సాంకేతిక జౌళి మిషన్‌ను ప్రకటించింది. ఆ డబ్బులో కొంత నూలు అద్దే పట్టణాల దగ్గరే ఒక పరీక్షా కేంద్రానికి వెళ్లాలి. అద్దకం తొట్టి ఎలా ఉంటుందో తెలిసిన చేతులు అక్కడ ఉన్నాయి. అదే తొట్టి నుంచి వచ్చే మురుగు గురించీ ముందే మాట్లాడుకోవాలి. పూత వేశాక మిగిలేది ఇనుప లవణాలతో నిండిన ఆమ్లపు నీరు. రంగుల నీటిని వాగుల్లోకి వదిలిన అద్దకం పట్టణాలు దేశంలో ఎన్ని పాడయ్యాయో తెలిసి కూడా, శుద్ధి ఏర్పాటు లేకుండా ఈ పనికి అనుమతి ఇవ్వకూడదు.

ఆస్పత్రులకు కొనేటప్పుడు టెండరులో ఒక షరతు రాస్తే చాలా మారుతుంది. అత్యధిక ఉష్ణోగ్రత ఎంత అని అడిగే గడి పక్కన, వెయ్యి గంటలు వేడిలో నడిపాక నిరోధం ఎంత శాతం పెరిగింది అని అడిగే గడి ఉండాలి. మొదటి గడికి కంపెనీలన్నీ దాదాపు ఒకే అంకె వేస్తాయి. రెండో గడిలోనే వాటి నిజమైన తేడా బయటపడుతుంది. దుప్పటి అంచున తయారీ తేదీతో పాటు, ఆ రోజు దాని నిరోధం ఎన్ని ఓమ్‌లో చెరగని సిరాతో అచ్చు వేయాలి. ఆరు నెలలకోసారి ఆస్పత్రి ఎలక్ట్రీషియన్ మల్టీమీటర్ కొనలు రెండూ దాని రెండు టెర్మినళ్లకు ఆనించి, అచ్చులో ఉన్న అంకెతో పోల్చి, రిజిస్టరులో రాసుకుంటే అయిదు నిమిషాల పని. అంకె ఒకటిన్నర రెట్లు దాటిన దుప్పటిని ఆ రోజే బల్ల మీద నుంచి తీసేయవచ్చు.